తలుపు తీసే ఉంచండి

ఆదివారం ఉదయం పదిన్నర. ఆరాధన పాటలు అయిపోయాయి. పాస్టర్ గారు బైబిలు తెరిచారు. "పిల్లలు సండే స్కూలుకి వెళ్లండమ్మా" అని సెక్రటరీ గారు అనగానే ముప్ఫై మంది చెప్పులు వెతుక్కుంటూ బిలబిలమని వెనక గదికి పరుగెత్తారు. చాపల మీద కూర్చున్న అమ్మలు కొంగు సర్దుకుని ఊపిరి పీల్చుకున్నారు. ఇక గంటసేపు గొడవ ఉండదు.

మిమ్మల్ని ఒకటి అడుగుతాను. ఆ గంటసేపూ మీ పాప ఎవరి దగ్గర ఉంది? పాటలు నేర్పే ఆ అన్న ఇంటిపేరు మీకు తెలుసా? మీ సంఘానికి ఎప్పటి నుంచి వస్తున్నాడు? అంతకుముందు ఏ సంఘంలో ఉన్నాడు? ఆ గదికి కిటికీ ఉందా? మధ్యలో ఒక పిల్లాడు బాత్రూముకి వెళ్తానంటే వెంట ఎవరు వెళ్తున్నారు?

తడుముకుంటున్నారా? మిమ్మల్ని తప్పుపట్టడానికి అడగలేదు. సంఘ పెద్దల్ని అడిగినా చాలాచోట్ల ఇదే తడబాటు. అదే కానుకల సంగతి అడిగి చూడండి, టకటకా చెప్తారు. ట్రెజరర్ ఎంత నమ్మకస్తుడైనా కానుక ఒక్కడే లెక్కపెట్టడు. పక్కన ఇంకో ఇద్దరు కూర్చుంటారు. నోట్లు కట్టలు కట్టి, చిల్లర విడిగా పోసి, పుస్తకంలో రాసి సంతకాలు పెడతారు. పక్కన మనుషులు కూర్చున్నందుకు ట్రెజరర్ "నన్ను దొంగనుకుంటున్నారా" అని అలగడు. రేపు లెక్క తేడా వస్తే ఆ రెండు సంతకాలే తనని కాపాడతాయని ఆయనకి తెలుసు.

డబ్బుకి పెట్టుకున్న ఈ పద్ధతిని పిల్లలకి ఎందుకు పెట్టుకోలేదు? ఈ అధ్యాయంలో మనం చేయబోయేది అంతే. కానుకల బల్ల దగ్గరున్న పద్ధతిని పిల్లల గదిలోకి తీసుకెళ్దాం.

"మన దగ్గర అలాంటివాళ్లు లేరండి"

ఈ మాట వినిపించని సంఘం లేదు. కొన్ని అంకెలు చూడండి. కేంద్ర మహిళా శిశు అభివృద్ధి శాఖ 2007లో ప్రచురించిన అధ్యయనం కోసం 13 రాష్ట్రాల్లో 12,447 మంది పిల్లలతో మాట్లాడారు. అప్పటి ఆంధ్రప్రదేశ్ కూడా అందులో ఉంది. 53.22 శాతం మంది ఏదో ఒక రూపంలో లైంగిక వేధింపు ఎదుర్కొన్నామన్నారు. ఆ బాధితుల్లో సగానికి పైగా మగపిల్లలే. వేధించినవాళ్లలో దాదాపు సగం మంది పిల్లలకి తెలిసినవాళ్లు, పిల్లలు నమ్మినవాళ్లు.

తెలిసినవాళ్లు, నమ్మినవాళ్లు ఎక్కువగా ఉండే చోటు ఏది? ఇల్లు. ఆ తర్వాత బడి, గుడి, చర్చి.

ఆస్ట్రేలియాలో ఒక రాయల్ కమిషన్ 2013 నుంచి 2017 వరకు చర్చిలు, బడులు, అనాథాశ్రమాలు, ఆటల క్లబ్బులు అన్నింటినీ విచారించింది. చిన్నప్పుడు తమకి జరిగింది ఇంకొకరితో చెప్పుకోవడానికి బాధితులకి సగటున దాదాపు 24 ఏళ్లు పట్టిందని తేల్చింది. అంటే ఈ రోజు మీ సండే స్కూల్లో ఏడేళ్ల పాపకి ఏదైనా జరిగితే, ఆ పాప పెరిగి పెళ్లై తన కూతుర్ని సండే స్కూలుకి పంపే రోజు దాకా మీ చెవిన పడకపోవచ్చు. "మాకు ఇంతవరకు ఒక్క ఫిర్యాదు రాలేదు" అని ధీమాగా ఉన్నారా? పిల్లలు చెప్పుకునే దారి మీ సంఘంలో ఉందో లేదో ముందు చూసుకోండి.

అది ఎలా మొదలవుతుంది?

ముసుగు వేసుకుని ఎవరూ రారు. ముందు సాయం వస్తుంది. ఈ మూడు సందర్భాలు చదివి, మీ చుట్టూ ఒకసారి చూడండి.

కీబోర్డు పాఠాలు: సంఘంలో కీబోర్డు వాయించే అన్నకి ఒక పదకొండేళ్ల పిల్లాడంటే ప్రత్యేకమైన అభిమానం. "వీడికి మంచి చెయ్యి ఉందండి, డబ్బులేం వద్దు, నేనే నేర్పిస్తాను" అన్నాడు. అమ్మానాన్నలు పొంగిపోయారు. మొదట ఆదివారం మధ్యాహ్నం. తర్వాత బుధవారం సాయంత్రం కూడా. తర్వాత ఫోన్లో గేములు, ఒక కొత్త చొక్కా, "మీ అమ్మకి చెప్పకురా" అనే చిన్న రహస్యం. ఆ రహస్యం చిన్నదే. పిల్లాడు దాన్ని దాచగలడో లేదో చూడటానికే అది.

ప్రత్యేక ప్రార్థన: పదో తరగతి అమ్మాయికి తరచూ తలనొప్పి. "దురాత్మ పీడ ఉంది, ఒంటరిగా ప్రార్థన చెయ్యాలి, మీరు బయట కూర్చోండమ్మా" అన్నారు కూటాలకి వచ్చిన ప్రసంగీకులు. తల్లి వరండాలో కూర్చుంది. ప్రార్థనకి తలుపు గడియ పెట్టడం ఎందుకని ఆమెకి అనిపించింది. అంత పెద్దాయన్ని ఎలా అడుగుతుంది?

ఫీజు కట్టే పెద్దమనిషి: తండ్రి లేని పిల్ల. చదువు ఖర్చు సంఘంలో ఒకాయన భరిస్తున్నాడు. ఆయన ఇంటికెళ్లి వందనాలు చెప్పి రమ్మని తల్లే పంపుతుంది. వెళ్లనని పిల్ల మొండికేస్తే "చేసిన మేలు మరిచిపోతావా" అని కసురుతుంది.

ఈ మూడు సందర్భాల్లోనూ కనిపించేవి మూడే: పిల్ల ఒంటరిగా ఉండటం, రహస్యం, తీర్చుకోవాల్సిన రుణం. ఆ కీబోర్డు అన్న నిజంగానే మంచివాడు కావచ్చు. ఆ పెద్దమనిషి దేవుడిలాంటి మనిషే కావచ్చు. మొహం చూసి చెప్పడం మీ వల్ల కాదు, నా వల్లా కాదు. కాబట్టి మనుషుల్ని అంచనా వేసే పని పక్కన పెట్టి, ఆ మూడింటికీ సందు లేకుండా చేద్దాం. అప్పుడు మంచివాడికి నష్టం లేదు, నింద పడే భయం కూడా ఉండదు. చెడ్డవాడికి అవకాశం ఉండదు.

తొమ్మిది కట్టుబాట్లు

1. పిల్లల దగ్గర ఎప్పుడూ ఇద్దరు పెద్దలు. ఒక్కరే ఉండాల్సి వస్తే ఆ రోజు క్లాసు లేదు, పిల్లలు అమ్మల దగ్గర కూర్చుంటారు. భార్యాభర్తల్ని, అన్నదమ్ముల్ని ఒక్కరిగానే లెక్కపెట్టండి. ఇంటర్ చదివే పదిహేడేళ్ల అమ్మాయి సాయం చెయ్యొచ్చు గానీ ఆమె పెద్దల లెక్కలోకి రాదు. చట్టం దృష్టిలో 18 నిండేదాకా ఆమె కూడా పిల్లే.

2. తలుపు తీసి ఉండాలి, కిటికీకి తెర ఉండకూడదు. ఏసీ గది అయితే తలుపుకి అద్దం పెట్టించండి. వెస్ట్రీ, స్టోర్ రూము, మేడ మీది గది, సౌండ్ సిస్టమ్ పెట్టే గది వాడనప్పుడు తాళం వేసి ఉండాలి. సంఘ పెద్ద ఒకరు క్లాసు మధ్యలో చెప్పకుండా వచ్చి ఒకసారి చూసి వెళ్లాలి. ప్రతి వారం ఒకే సమయానికి వస్తే అది తనిఖీ అనిపించుకోదు.

3. కొత్తవాళ్లు ఆరు నెలలు ఆగాలి. "ప్రైజ్ ది లార్డ్ బ్రదర్, పిల్లల పరిచర్యలో నాకు భారం ఉంది" అని వచ్చిన మనిషికి ఆ వారమే మైకు ఇవ్వకండి. పాత సంఘం పేరు అడగండి. ఆయన ఇచ్చిన నంబరుకే కాక, మీరే నంబరు సంపాదించి ఆ పాస్టర్ గారికి ఫోన్ చెయ్యండి. "మీ పిల్లల్ని మళ్లీ ఈయన దగ్గరికి పంపుతారా?" అని సూటిగా అడగండి. అవతల క్షణం నిశ్శబ్దం వచ్చినా రాసుకోండి. పిల్లలతో నిత్యం వ్యవహరించే సంస్థలు తమ సిబ్బందికి పోలీస్ వెరిఫికేషన్ చేయించాలని 2020 నాటి పోక్సో (పిల్లల్ని లైంగిక నేరాల నుంచి కాపాడే చట్టం) నిబంధనలు చెబుతున్నాయి. జీతం తీసుకోని వాలంటీరు కదా అని మీరు మినహాయింపు ఇవ్వకండి.

4. బాత్రూముకి జంటగా వెళ్లాలి. పిల్లలు ఇద్దరిద్దరుగా వెళ్తారు, ఒక అక్క బయట, అందరికీ కనిపించే చోట నిలబడుతుంది. బాత్రూము లేని చిన్న సంఘమైతే ఎటు వెళ్లాలో, వెంట ఎవరు వెళ్లాలో ముందే చెప్పి ఉంచండి. మరీ చిన్నపిల్లలైతే తల్లిని పిలవండి. ప్రసంగం మధ్యలో ఆమె లేచి వస్తే దేవుడేమీ అనుకోడు.

5. పిల్లలకి విడిగా మెసేజులు వద్దు. క్వయర్ ప్రాక్టీసు ఎన్ని గంటలకో, కంఠత వాక్యం ఏమిటో అన్నీ అమ్మానాన్నలు ఉన్న గ్రూపులోనే. రాత్రి తొమ్మిదింటికి "ఏం చేస్తున్నావు" అని పద్నాలుగేళ్ల పిల్లకి వాట్సాప్ పెట్టాల్సిన అవసరం ఏ పరిచర్యలోనూ ఉండదు.

6. బండి మీద ఒక్కరినే దింపకూడదు. రిజిస్టరులో పేరు పక్కన ఎవరు వచ్చి తీసుకెళ్తారో రాసి ఉంచండి. వేరేవాళ్లు వస్తే ఇంటికి ఫోన్ చేశాకే పంపండి.

7. బహుమతులు అందరి ముందే, సంఘం పేరు మీదే. ఫీజు కట్టాలనుకున్న దాత సంఘానికి ఇవ్వాలి. సంఘం స్కూలుకి కడుతుంది. ఎవరు కట్టారో పిల్లకి తెలియాల్సిన పని లేదు. రుణం లేకపోతే రుణం పేరుతో పిలిచే వీలుండదు.

8. ప్రార్థన హాల్లోనే, నలుగురూ చూస్తుండగానే. చెయ్యి తల మీదో భుజం మీదో చాలు, అదీ పిల్లకి ఇష్టమైతేనే. ఒళ్లో కూర్చోబెట్టుకోవడం, బుగ్గలు గిల్లడం, ముద్దులు వద్దు. బాప్తిస్మం రోజున తడిబట్టలు మార్చుకోవడానికి అమ్మాయిలకి, అబ్బాయిలకి వేర్వేరు చాటు ఏర్పాటు చెయ్యండి. బెత్తం ఇంటికి పంపించేయండి. తమ సంరక్షణలో ఉన్న పిల్లల మీద క్రూరత్వం చూపడం 2015 నాటి బాలల న్యాయ చట్టం ప్రకారం శిక్షార్హమైన నేరం.

9. ఈ కట్టుబాట్లు అందరికీ ఒకటే. పాస్టర్ గారికి, పాస్టర్ గారి అబ్బాయికి, ఇరవై ఏళ్లుగా సేవ చేస్తున్న అక్కకి, అమెరికా నుంచి వచ్చిన టీముకి, ఆదివారం మాట్లాడటానికి వచ్చిన పెద్ద దైవజనుడికి. ఒక్కరికి సడలిస్తే మిగతా ఎనిమిదీ కాగితం మీదే మిగులుతాయి.

సందడి రోజుల్లో సడలింపు

మామూలు ఆదివారం జాగ్రత్తగా ఉండే సంఘాలు కూడా మూడు సందర్భాల్లో పట్టు వదిలేస్తాయి.

వి.బి.ఎస్. (వెకేషన్ బైబిల్ స్కూల్): పరీక్షలు అయిపోయిన ఎండాకాలం. పదిరోజులు. ఊళ్లో పిల్లలంతా వస్తారు, సంఘం పిల్లలే కాదు. వాలంటీర్లు చాలక "నీ ఫ్రెండ్‌ని కూడా తీసుకురా" అంటారు. ముఖం తెలియని మనిషి పిల్లల గదిలోకి వచ్చేది ఆ వారమే. మనుషులు చాలకపోతే పిల్లల సంఖ్య తగ్గించండి, లేదా రెండు పూటలుగా పెట్టండి. ప్రతి వాలంటీరు మెళ్లో పేరున్న కార్డు ఉండాలి. అది లేనివాళ్లు ఎవరైనా గదిలోకి వస్తే "మీరెవరండీ?" అని పిల్లలే అడిగేలా నేర్పండి. ఫోటోలు మాత్రం అమ్మానాన్నల అనుమతితోనే. ఫేస్‌బుక్కులో పెట్టినా పిల్ల పేరు, బడి పేరు రాయకండి.

క్రిస్మస్ క్యారల్స్: డిసెంబరు చలి, జీపు, గిటారు, డప్పు, ఇంటింటా కేకు. రాత్రి ఒంటిగంట దాటుతుంది. ఎవరు ఏ బండి ఎక్కారో ఎవరికీ తెలియదు. బయలుదేరే ముందు పేర్లు రాసుకోండి, ప్రతి ఇంటి దగ్గరా తల లెక్కపెట్టండి. పన్నెండేళ్ల లోపు పిల్లలు తొమ్మిదింటికల్లా ఇంటికి చేరాలి. పాట కాస్త తగ్గితే తగ్గనివ్వండి.

రిట్రీట్, రాత్రి జాగరణ ప్రార్థన: అబ్బాయిలు ఒకచోట, అమ్మాయిలు ఒకచోట. పిల్లలు పడుకునే హాల్లో ఒక్క పెద్ద మనిషి పడుకోకూడదు. ఇద్దరు ఉండాలి, పిల్లలకి కాస్త ఎడంగా. ఒక చిన్న లైటు వెలుగుతూ ఉండాలి. సంఘం హాస్టల్ నడుపుతుంటే ఈ జాగ్రత్తలు ఏడాది పొడవునా అవసరం. తల్లిదండ్రుల సంరక్షణ లేని పిల్లల్ని ఉంచే గృహాలకి రిజిస్ట్రేషన్ కూడా చట్టప్రకారం తప్పనిసరి.

పిల్లలకి ఏం చెప్పాలి?

భయపెట్టే పాఠం వద్దు. ఈత నేర్పినట్టు నేర్పండి. మూడు మాటలు చాలు.

"నీ ఒళ్లు నీది. బట్ట కప్పి ఉండే చోట ఎవరూ చెయ్యి వెయ్యకూడదు, చూపించమని అడగకూడదు."

"అమ్మకి చెప్పొద్దు అన్న మాట ఎవరన్నా అంటే, అది అమ్మకి చెప్పాల్సిన మొదటి మాట."

"నువ్వు చెప్తే నేను నమ్ముతాను. నిన్ను తిట్టను."

మూడో మాట అన్నిటికంటే కష్టం. అది రుజువు చేసుకోవాల్సింది మనం. పిల్ల గాజు గ్లాసు పగలగొట్టినప్పుడు, మార్కులు తగ్గినప్పుడు మనం ఎలా మాట్లాడతామో చూసే, పెద్ద సంగతి చెప్పాలో వద్దో పిల్ల నిర్ణయించుకుంటుంది. ఎలా చెప్పాలో తోచకపోతే, చైల్డ్‌లైన్ తయారు చేసిన "కోమల్" అనే చిన్న బొమ్మల సినిమా చూపించండి. ఆ తర్వాత పిల్లలే ప్రశ్నలు అడుగుతారు.

నా తప్పు ఒకటి చెప్పుకుంటాను. నేను సండే స్కూల్లో పాఠాలు చెప్పే రోజుల్లో ఒకమ్మాయి ఉన్నట్టుండి క్వయర్ ప్రాక్టీసుకి రావడం మానేసింది. బద్ధకం అని అందరి ముందూ దులిపేశాను. ఎందుకు రావట్లేదమ్మా అని పక్కకి పిలిచి ఒక్కసారి అడగలేదు. తర్వాత వాళ్లు ఊరు మారిపోయారు. కారణం చిన్నదో పెద్దదో నాకు ఇప్పటికీ తెలియదు. మీరు మాత్రం అడగండి. హుషారుగా ఉండే పిల్ల ముభావంగా మారినా, ఒక మనిషి పేరు వింటే బిగుసుకుపోయినా, పక్క తడపడం మళ్లీ మొదలైనా, తన వయసుకి మించిన మాటలు మాట్లాడినా, అది వేధింపేనని నిర్ధారణ కాదు. కానీ పక్కన కూర్చుని అడగడానికి అది చాలు.

పిల్ల మీతోనే చెప్తే?

"అక్కా, ఆ అన్న దగ్గరికి నేను ఇంక వెళ్లను." ఎనిమిదేళ్ల పాప మీ చున్నీ కొస మెలిపెడుతూ ఈ మాట అంది. మీ గుండె దడదడలాడుతుంది. అప్పుడు ఏం చేస్తారు?

1. కూర్చోండి. పాప కళ్లకి మీ కళ్లు సమానంగా ఉండాలి. మీ మొహంలో భయం కనిపిస్తే పాప మాట మింగేస్తుంది.

2. "ఏం జరిగిందో చెప్తావా?" అని అడిగి ఊరుకోండి. "ఇక్కడ ముట్టుకున్నాడా? అక్కడ ముట్టుకున్నాడా?" అని మాటలు అందించకండి. విచారణ పోలీసుల పని, మీ పని వినడం.

3. ఈ మూడు వాక్యాలు తప్పకుండా చెప్పండి: "నువ్వు చెప్పడం చాలా మంచి పని. ఇందులో నీ తప్పు ఏమీ లేదు. నిన్ను కాపాడగలిగేవాళ్లకి నేను చెప్తాను." ఎవరికీ చెప్పనని మాత్రం మాట ఇవ్వకండి, అది మీరు నిలబెట్టుకోలేరు.

4. ఆ రోజే, పాప వాడిన మాటలే, మీ మాటలు కలపకుండా రాసుకోండి. తేదీ, సమయం వెయ్యండి.

5. పోలీస్ స్టేషన్‌కి గానీ పిల్లల హెల్ప్‌లైన్ 1098కి గానీ చెప్పండి. సంఘం కమిటీ కూర్చునే దాకా ఆగకండి. 2012 పోక్సో చట్టం ప్రకారం నేరం జరిగిందని తెలిసినా, జరగవచ్చన్న భయం ఉన్నా చెప్పడం ప్రతి ఒక్కరి బాధ్యత. తెలిసీ చెప్పకపోతే ఆరు నెలల దాకా జైలు. సంస్థకి పెద్దగా ఉండి, తన కింద పనిచేసేవాడి నేరం చెప్పకపోతే ఏడాది దాకా. మీరు రుజువు చూపించక్కర్లేదు. మంచి ఉద్దేశంతో చెప్పినవాళ్ల మీద కేసు ఉండదని కూడా అదే చట్టం అంటోంది.

6. జరిగి గంటలే అయితే పిల్లకి స్నానం చేయించకండి, ఆ బట్టలు ఉతకకండి. కాగితం సంచిలో పెట్టి ఆసుపత్రికి తీసుకెళ్లండి.

7. ఆ వ్యక్తిని వెంటనే పిల్లల పనుల నుంచి దూరంగా ఉంచండి. అతన్ని పిలిచి నిలదియ్యకండి. పిల్ల ఎదుట నిలబెట్టి "ఈ అన్నేనా?" అని అసలు అడగకండి.

"పోలీసులంటే పిల్ల బెదిరిపోతుందండి" అంటారా? పిల్ల వాంగ్మూలం ఇంట్లోనే తీసుకోవచ్చు. వీలైనంత వరకు మహిళా అధికారి రావాలి, యూనిఫాం వేసుకోకూడదు. రాత్రిపూట పిల్లని స్టేషన్లో ఉంచకూడదు. ఇవన్నీ చట్టంలో రాసి ఉన్నవే, మీరు అడిగి తీసుకోవచ్చు. తెలంగాణలో భరోసా కేంద్రాలు, రెండు తెలుగు రాష్ట్రాల్లో సఖి కేంద్రాలు తోడుంటాయి. పిల్ల పేరు, ఊరు బయటపెట్టడం నేరం. ప్రార్థన విన్నపాల్లో కూడా ఆ పేరు చదవకండి.

తరచూ చేసే ఐదు తప్పులు

"సంఘం పరువు పోతుంది." నిజం చెప్పండి, పరువు పోయేది ఎప్పుడు? 2002లో బోస్టన్ గ్లోబ్ పత్రిక బయటపెట్టిన కథనాల్లో, పిల్లల్ని వేధించిన ప్రీస్టుల కంటే ఎక్కువగా లోకాన్ని మండించింది ఇంకొకటి. పైవాళ్లు సంగతి తెలిసీ వాళ్లని ఒక పారిష్ నుంచి ఇంకో పారిష్‌కి మార్చారు. ప్రతి బదిలీతోనూ కొత్త పిల్లలు దొరికారు.

"క్షమించాలి కదా." క్షమించే హక్కు బాధపడ్డ పిల్లది, సంఘ కమిటీది కాదు. క్షమించిన తర్వాత కూడా కేసు ఉంటుంది. మత్తయి సువార్త 18వ అధ్యాయంలో తిరుగటిరాయి మాట ఎవరి విషయంలో వచ్చిందో మీకు నేను చెప్పాలా?

"దైవజనుడి మీద మాట అనకూడదు." చట్టం ఇంకోలా చూస్తుంది. మత సంస్థ నిర్వహణలో ఉన్నవాళ్లు, సిబ్బంది అక్కడి పిల్లల మీద చేసే నేరాన్ని మామూలు నేరం కంటే తీవ్రమైనదిగా లెక్కకట్టి శిక్ష పెంచింది. ఎక్కువ నమ్మకం ఉన్నచోట ఎక్కువ జవాబుదారీ ఉండాలి.

"పెద్దల సమక్షంలో మాట్లాడి సర్దుదాం." డబ్బిచ్చి, కాగితం రాయించుకుని, ఒక్కోసారి పెళ్లి మాట కూడా తెచ్చి ముగిస్తారు. ఇది పొలం గట్టు తగాదా కాదు. పోక్సో కేసులో పంచాయితీకి తావు లేదు. కూర్చున్న పెద్దలే చిక్కుల్లో పడతారు.

"అబ్బాయే కదా, ఏం కాదు." అబ్బాయిలు చెప్పుకోవడం ఇంకా తక్కువ, నవ్వుతారని భయం. పోక్సో చట్టంలో ఆడ, మగ తేడా లేదు. మీ కట్టుబాట్లలోనూ ఉండకూడదు.

నాలుగు ఆదివారాల పని

ఒకేసారి అన్నీ మార్చాలని చూస్తే ఏదీ మారదు. ఇలా చెయ్యండి.

మొదటి ఆదివారం: ఆరాధన తర్వాత ఇద్దరు ముగ్గురు తల్లిదండ్రులు కలిసి పిల్లల గది చూడండి. కిటికీలు, తలుపు, బాత్రూము దారి, తాళం లేని గదులు ఒక కాగితం మీద గీయండి. ఎవరినీ నిందించకండి, బొమ్మ గీయండి చాలు.

రెండో ఆదివారం: ఆ కాగితంతో పాస్టర్ గారి దగ్గర కూర్చోండి. "అయ్యగారూ, కానుకకి ఉన్న పద్ధతే పిల్లలకీ పెడదామండి" అని మొదలుపెట్టండి. ఎవరి మీదా అనుమానం లేదని అప్పుడు మీరు చెప్పక్కర్లేదు, ఆయనకే అర్థమవుతుంది.

మూడో ఆదివారం: తొమ్మిది కట్టుబాట్లు ఒక పేజీ రాసి, వాలంటీర్లందరితో సంతకం చేయించండి. మొదటి సంతకం పాస్టర్ గారిది. పిల్లలు గానీ తల్లిదండ్రులు గానీ ఏదైనా చెప్పాలంటే వెళ్లాల్సిన ఇద్దరి పేర్లు నిర్ణయించండి. అందులో ఒకరు మహిళ అయి ఉండాలి, ఇద్దరూ పాస్టర్ గారి కుటుంబం కాకూడదు.

నాలుగో ఆదివారం: ఆ పేజీని, ఆ ఇద్దరి పేర్లని, 1098 నంబరుని గోడకి అంటించండి. ఎత్తులో కాదు, ఎనిమిదేళ్ల పాప తల ఎత్తకుండా చదవగలిగేంత కిందకి. ప్రకటనల సమయంలో ఒకసారి చదివి వినిపించండి.

ఎవరో ఒకరు కచ్చితంగా గొణుగుతారు. "ఇన్నేళ్లుగా సేవ చేస్తున్నా, ఇప్పుడు నా పక్కన ఇంకో మనిషా?" అని ఒక అన్న మొహం ముడుచుకుంటాడు. ఆయనతో వాదించకండి. ఆరాధన అయ్యాక నెమ్మదిగా కానుకల బల్ల దగ్గరికి తీసుకెళ్లండి. అక్కడ ట్రెజరర్ చిల్లర లెక్కపెడుతుంటాడు, పక్కన ఇద్దరు కూర్చుని ఉంటారు. పది రూపాయల నాణేలు ఒక్కొక్కటిగా పక్కకి జరుగుతుంటాయి. ఆయన్ని అక్కడ ఒక నిమిషం నిలబడనివ్వండి.

తర్వాత ఆయనే వచ్చి, పిల్లల గది తలుపుకి అడ్డంగా ఒక ఇటుక పెడతాడు, మూసుకోకుండా.